క్లాసంతా చప్పట్లు, పెట్టెలో సున్నా ఓట్లు: ఒక కార్టూన్ ఎపిసోడ్, మన బడుల ఎస్‌పీఎల్ ఎన్నికలు

నాలుగో తరగతికి ఒక ప్రెసిడెంట్‌ను ఎన్నుకోవాలి. ఒకవైపు బార్ట్ సింప్సన్. వాడు నోరు తెరవకముందే క్లాసంతా నవ్వుతుంది. ఇంకోవైపు మార్టిన్ ప్రిన్స్. చదువులో ముందుంటాడు, మాట్లాడటం మొదలుపెడితే పిల్లలకు ఆవలింతలు వస్తాయి. ప్రచారంలో చప్పట్లన్నీ బార్ట్‌కే. ఓట్లు లెక్కపెట్టేసరికి మార్టిన్‌కు రెండు, బార్ట్‌కు సున్నా. బార్ట్ స్నేహితుల్లో ఒక్కరూ ఓటు వేయలేదు. గెలుపు ఖాయమని సంబరాల్లో పడి బార్ట్ కూడా తన ఓటు వేసుకోలేదు. మళ్లీ లెక్కపెట్టాలని పట్టుబడితే, టీచర్ ఆ రెండు ఓట్లనే ఇంకోసారి లెక్కపెట్టి చూపించింది.

ఇది 'ది సింప్సన్స్' అనే అమెరికన్ కార్టూన్ సీరియల్లో 1991 ఏప్రిల్ 25న వచ్చిన ఎపిసోడ్. రాసినది జాన్ విట్టి, దర్శకుడు రిచ్ మూర్. మ్యాట్ గ్రోనింగ్ సృష్టించిన ఈ కుటుంబం 1987లో ఇంకొక టీవీ షోలో చిన్న చిన్న ముక్కలుగా కనబడి, 1989 డిసెంబర్ నుంచి సొంత సీరియల్‌గా నడుస్తోంది. తండ్రి హోమర్ అణువిద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. తల్లి మార్జ్. పిల్లలు పదేళ్ల బార్ట్, ఎనిమిదేళ్ల లీసా, ఇంకా మాటలు రాని మ్యాగీ. బొమ్మలతో తీశారు కాబట్టి చిన్న పిల్లలకే అనుకోకూడదు. మాటల్లో పెద్దవాళ్ల సంగతులు చాలానే దొర్లుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు పక్కన కూర్చుని చూపించాల్సిన రకం.

అనంతపురంలో జూన్‌లో బడులు తెరిచిన కొద్ది వారాలకే ఎస్‌పీఎల్ (స్కూల్ ప్యూపిల్ లీడర్, అంటే బడి పిల్లల లీడర్) ఎన్నికల సందడి మొదలవుతుంది. ప్రార్థన దగ్గర నిలబడి ప్రతిజ్ఞ చెప్పించేది, సార్ లేనప్పుడు క్లాసును అదుపులో పెట్టేది, ఆగస్టు 15న ముందు నడిచేది ఎస్‌పీఎల్లే. కొన్ని బడుల్లో నామినేషన్లు, గుర్తులు, వేలికి ఇంకు, సెల్‌ఫోన్ యాప్‌లో ఓటింగ్ వరకు అన్నీ ఉంటాయి. కొన్ని బడుల్లో టీచర్ ఒక పేరు చెబితే పిల్లలు చప్పట్లు కొడతారు, అక్కడితో అయిపోతుంది. రెండింటినీ ఎన్నిక అనే పిలుస్తున్నాం. పిల్లలకు నచ్చడం వేరు, ఓటు పడటం వేరు, పడిన ఓట్లను లెక్కగట్టే పద్ధతి వేరు, గెలిచినవాడి చేతికి వచ్చే అధికారం వేరు. ఈ నాలుగూ కలగలిసిపోవడం వల్లే బడి ఎన్నిక మీద పిల్లలకూ మనకూ తికమక. నవ్వించడానికే తీసినా, ఆ కార్టూన్ ఈ ముడులను చాలావరకు విప్పింది. మిగిలిన ముడులు విప్పడానికి మన రాయలసీమ ఎన్నికల చరిత్రే చాలు.

నచ్చినవాడికి సున్నా ఎలా వచ్చింది?

నలభై మంది క్లాసులో ముప్పై మందికి ఒక అబ్బాయి అంటే ఇష్టం అనుకుందాం. ఆ ముప్పై మందిలో ప్రతి ఒక్కరూ విడివిడిగా ఒకే లెక్క వేసుకుంటారు: "వానికి ఎట్లయినా అందరూ ఏస్తారులే, నేనొక్కణ్ణి ఏయకపోతే ఏమైతాది?" ఒక్కొక్కరి లెక్కగా చూస్తే అందులో తప్పు కనబడదు. ముప్పై మందీ ఒకేసారి ఆ లెక్క వేసుకుంటే పెట్టె ఖాళీ. అభిమానం ఎంత ఎక్కువగా కనబడితే ఈ ధీమా అంత పెరుగుతుంది. కాబట్టి బార్ట్‌ను ఓడించింది మార్టిన్ బలం అనుకోలేం, బార్ట్ చుట్టూ మోగిన చప్పట్లే వాణ్ణి ఓడించాయి. మార్టిన్ వైపు ఉన్నవాళ్లు తక్కువే. కానీ తాము తక్కువమందిమని వాళ్లకు తెలుసు, అందుకే వచ్చి వేశారు.

పెద్దవాళ్ల ఎన్నికల్లో ఇది ఎంత దూరం వెళ్తుందో చూడండి. 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్లిలో, 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో అసెంబ్లీ అభ్యర్థులు ఒక్క ఓటుతో ఓడిపోయారు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానం 9 ఓట్ల తేడాతో తేలింది. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో. మన పక్కనే ఉన్న మడకశిరలో 2024లో గెలిచినవారికి, ఓడినవారికి మధ్య తేడా 351. ఒక్క పోలింగ్ బూత్‌లోనే అంతకంటే ఎక్కువమంది ఓటర్లు ఉంటారు. మడకశిర నుంచి పని కోసం బెంగళూరు వెళ్లి, పోలింగ్ రోజు బస్సు ఎక్కాలా వద్దా అని ఆలోచించిన కుటుంబాలు ఎన్నో ఉంటాయి. నేను పిల్లలకు చెప్పాల్సి వస్తే నాథ్‌ద్వారా కంటే మడకశిరే ముందు చెబుతాను. ఆ ఊరు వాళ్లకు తెలుసు.

అయితే మన బడిలో ఓటు వేయకుండా పోయేవాళ్లు తక్కువ. లైను కట్టించి తీసుకుపోతారు. ఆ రోజు సెలవు పెట్టిన పిల్లలు తప్ప అందరి ఓట్లూ పడతాయి. మన దగ్గర చిక్కు వేరేచోట ఉంది.

చేతులెత్తమంటే ఏమవుతుంది

"లీడర్‌గా ఎవరు కావాలో చేతులెత్తండి" అని టీచర్ అడిగిన క్షణంలో పిల్లల కళ్లు ఎటు పోతాయో గమనించండి. ముందు పక్క బెంచీ వైపు, తర్వాత టీచర్ ముఖం వైపు, ఆ తర్వాతే చెయ్యి లేస్తుంది. సగం ఎత్తిన చెయ్యి దిగిపోవడం కూడా కనబడుతుంది. ఏ చెయ్యి ఎవరికి లేచిందో పోటీలో ఉన్న పిల్లవాడు గుర్తుపెట్టుకుంటాడు. గెలిస్తే గోల చేసేవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేది వాడే కదా. హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లు, ఒకే ఊరి నుంచి ఒకే ఆటోలో వచ్చేవాళ్లు, ఒకే కులం వాళ్లు. ఈ ముడులన్నీ పిల్లలకు తెలుసు. మనం మాట్లాడకపోయినంత మాత్రాన అవి లేకుండా పోవు. చెయ్యి అందరికీ కనబడినంతకాలం ఆ ముడులే ఓటు వేస్తాయి.

ఓటు రహస్యంగా ఉండాలన్న పద్ధతి మొదటినుంచీ ఉన్నది కాదు. ఇంగ్లండులో ఓటరు అందరిముందు నిలబడి తన అభ్యర్థి పేరు బయటికి చెప్పే రోజులుండేవి. భూస్వామి ఎదురుగా ఉంటే కౌలు రైతు ఏం చెబుతాడో వేరే చెప్పక్కర్లేదు. ప్రభుత్వమే అచ్చు వేసిన చీటీ మీద, చాటుగా గుర్తు పెట్టే పద్ధతి 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియాల్లో వచ్చింది. బ్రిటన్ 1872లో తీసుకుంది. మన 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 128వ సెక్షన్ ఓటు రహస్యం కాపాడటం గురించే. పోలింగ్ పనిలో ఉన్నవాళ్లు దాన్ని బయటపెడితే శిక్ష ఉంటుంది. రాయలసీమలో ఊరి పెద్ద మాట, ఫ్యాక్షన్ భయం తెలిసిన తరాలవాళ్లకు ఓటు వేసేచోట ఉండే అట్ట చాటు విలువ ఎంతో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

బడిలో ఇందుకు పెద్ద ఖర్చు లేదు. పాత అట్టపెట్టె, సైన్స్ ల్యాబ్‌లో ఒక మూల, ఒక కర్టెన్ గుడ్డ, పాత నోటుపుస్తకాల కాగితాలు ఉంటే చాలు. టీచర్ ఆ మూలకు వీపు తిప్పి కూర్చోవాలి. ఈ చివరి మాటను నేను గట్టిగా పట్టుకుంటాను. యాప్‌లో ఓటు వేయించే బడుల్లో ఫోన్ టీచర్ చేతిలోనే ఉండి, పిల్లవాడు ఆమె ఎదురుగా వేలు నొక్కడం జరుగుతోంది. చూడటానికి ఆధునికంగా ఉంటుంది, జరిగేది మాత్రం చెయ్యెత్తడమే.

ఒకటో, రెండో తరగతి పిల్లలు పేర్లు చదవలేరు కదా అంటారు. 1951–52 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో దేశానికి ఎదురైన ప్రశ్న ఇదే. అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. ఓటరు చేతిలో కాగితాన్ని తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో వేస్తే ఓటు పడినట్టే. చదువు రాని కోట్లమంది అలా ఓటు వేశారు. చిన్న తరగతులకు అదే పద్ధతి ఇప్పటికీ చక్కగా సరిపోతుంది. గొడుగు పెట్టె, పలక పెట్టె, సైకిల్ పెట్టె కర్టెన్ వెనక వరుసగా ఉంచితే చాలు. పార్టీల గుర్తులు మాత్రం వద్దు. గుర్తు చూడగానే పిల్లలకు ఇంట్లో మాటలు గుర్తొస్తాయి.

ఏకగ్రీవం గురించి కూడా ఒక మాట. పంచాయతీలు ఏకగ్రీవమైతే ప్రభుత్వం ప్రోత్సాహక నిధులు ఇవ్వడం మనకు అలవాటైన సంగతి. బడిలోనూ "గొడవ ఎందుకు, ఏకగ్రీవం చేద్దాం" అనే మాట తేలిగ్గా వచ్చేస్తుంది. నిజంగా ఎవరూ పోటీకి రాకపోతే అది వేరు. ఒక అమ్మాయి పేరు ఇచ్చాక, "నీకెందుకమ్మా, వచ్చే ఏడు చూద్దాంలే" అని వెనక్కి తీయించి ప్రకటించేదాన్ని ఏకగ్రీవం అనకూడదు. అలా కూర్చోబెట్టేది ఎక్కువసార్లు అమ్మాయిలనే.

ఎక్కువ ఓట్లు వచ్చినవారే ఎక్కువమందికి కావాల్సినవారా?

కార్టూన్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ బడిలో పోటీ ఇద్దరి మధ్యే కాబట్టి ఈ ప్రశ్న రాలేదు. మన బడుల్లో ముగ్గురు, నలుగురు నిలబడతారు. అప్పుడు లెక్క మారుతుంది. ఉదాహరణకు మూడు వందల ఓట్లున్న హైస్కూల్. ఒక అబ్బాయి గేమ్స్ పీరియడ్ పెంచమని అడుగుతానన్నాడు. ఇద్దరు అమ్మాయిలు ఎవరికి వారుగా నిలబడ్డారు, ఇద్దరూ చెప్పింది ఒక్కటే: అమ్మాయిల బాత్రూముల్లో నీళ్లు రావడం లేదు, ఆ పని ముందు చేయిస్తాం. అబ్బాయికి 120, ఒక అమ్మాయికి 100, ఇంకో అమ్మాయికి 80 వచ్చాయి. అబ్బాయి గెలిచాడు. నీళ్లు కావాలని ఓటేసినవాళ్లు 180 మంది. వాళ్లు ఎక్కువే, కానీ రెండుగా చీలారు. మన అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల పద్ధతి ఇదే. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు, సగం దాటక్కర్లేదు.

ఇంకో పద్ధతిలో చీటీ మీద 1, 2 అని నంబర్లు వేయిస్తారు. "మొదట ఈమె కావాలి, ఈమె కాకపోతే ఆమె" అని చెప్పడమన్నమాట. ఎవరికీ సగం దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చినవారిని తీసేసి, వాళ్ల చీటీల మీద 2 ఎవరికి ఉందో చూసి వాళ్లకు కలుపుతారు. పై ఉదాహరణలో 80 ఓట్లు వచ్చిన అమ్మాయిని తీసేస్తే, ఆ చీటీల్లో 60 మీద రెండో నంబరు ఇంకో అమ్మాయికి, 20 మీద అబ్బాయికి ఉన్నాయనుకోండి. అమ్మాయికి 160, అబ్బాయికి 140. అవే చీటీలు, అదే పెట్టె, లెక్క పద్ధతి మారేసరికి ఎస్‌పీఎల్ మారిపోయింది.

ఈ ప్రాధాన్యత ఓటు లెక్క అనంతపురం వాళ్లకు కొత్తేమీ కాదు. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. ఆ ఎన్నికలో ఓటర్లు ఎంపీలు, ఎమ్మెల్యేలు. ఒక్కో ఓటుకు ఒక్కో విలువ కట్టి లెక్కిస్తారు. ప్రధాని ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. మొదటి ప్రాధాన్యతలో వి.వి.గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలవడానికి కావాల్సింది 4,18,169. గిరి ముందున్నా ఆ గీత దాటలేదు. రెండో ప్రాధాన్యతలు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 అయ్యాయి. అంకెలను జాగ్రత్తగా చూస్తే రెండో ఓట్లు ఎక్కువగా కలిసింది సంజీవరెడ్డికే. ఎనభై ఏడు వేలకు పైగా ఉన్న తేడా పద్నాలుగు వేల ఆరు వందలకు తగ్గింది. అయినా చాలలేదు. 1977లో ఆయన నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచి, అదే ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఒకే నాయకుడి జీవితంలో రెండో ప్రాధాన్యత లెక్కా, ఏకగ్రీవమూ రెండూ దొరుకుతాయి. పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి పాఠం నాకు కనబడలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 2023 మార్చిలో జరిగిన పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక ఉంది. కడప, అనంతపురం, కర్నూలు ఉమ్మడి జిల్లాలు ఆ నియోజకవర్గంలోకి వస్తాయి. మొదటి ప్రాధాన్యత ఓట్లలో ముందున్న అభ్యర్థి రెండో ప్రాధాన్యతలు కలిపేసరికి వెనకబడ్డారు, వెనకున్నవారు గెలిచారు. లెక్కింపు అనంతపురంలోనే రోజులు పట్టింది. టీవీ ముందు కూర్చున్న చాలామంది "ఆధిక్యంలో ఉన్నవాళ్లు ఎట్ల ఓడిపోతిరి?" అని అడిగారు. పైన చెప్పిన 160, 140 లెక్క తెలిసిన తొమ్మిదో తరగతి పిల్ల ఆ ప్రశ్నకు ఇంట్లోవాళ్లకు జవాబు చెప్పగలదు.

ప్రాధాన్యత పద్ధతి అన్ని బడులకూ పెట్టమని నేను అనను. డిగ్రీలున్నవాళ్లు వేసే ఆ ఎన్నికల్లోనే చెల్లని ఓట్లు వేలల్లో వస్తుంటాయి. ముగ్గురు కంటే ఎక్కువమంది నిలబడితే, ఆరో తరగతి నుంచి పైవాళ్లకు పెట్టి చూడొచ్చు. చిన్న తరగతులకు ఒక్క గుర్తే మేలు. ఏ పద్ధతైనా నామినేషన్ల కంటే ముందే చెప్పాలి. సమానంగా వస్తే ఏం చేస్తారో కూడా అప్పుడే చెప్పాలి. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో అయితే సమానంగా వచ్చినప్పుడు చీటీ తీస్తారు, చట్టంలోనే అలా ఉంది. ఓట్లు చూశాక నియమం పెడితే అది ఎవరో ఒకరి కోసం పెట్టినట్టే ఉంటుంది.

రాతినార నినాదం

కార్టూన్ ఎపిసోడ్‌లో నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది ప్రచార సన్నివేశం. మార్టిన్ బడిలో ఉన్న ఆస్బెస్టాస్ ప్రమాదం గురించి హెచ్చరిస్తాడు. బార్ట్ వెంటనే దాన్ని తిప్పి, ఇంకా ఎక్కువ ఆస్బెస్టాస్ కావాలని నినాదం ఎత్తుకుంటాడు, పిల్లలంతా గొంతు కలుపుతారు. అమెరికాలో చూసినవాళ్లకు అది ఒక జోక్. కడప జిల్లావాళ్లకు అంత తేలిక కాదు. ఆస్బెస్టాస్‌ను మనం రాతినార అంటాం. పులివెందుల ప్రాంతంలో దాని నిక్షేపాలున్నాయి, గనులు తవ్వారు. దాని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత క్యాన్సర్ దాకా తీసుకుపోతాయి. మన ఇళ్ల మీద, బడుల వరండాల మీద కనబడే పాత సిమెంటు రేకుల్లో కలిసేది అదే.

పిల్లలు మూర్ఖులు కాబట్టి ఆ నినాదం అందుకున్నారని నేను అనుకోను. మార్టిన్ చెప్పింది నిజం, కానీ ఆ నిజం వాళ్లకు ఎక్కడ తగులుతుందో చెప్పలేదు. బార్ట్ చెప్పింది అర్థం లేనిది, కానీ అందరూ కలిసి అరవడానికి వీలుగా ఉంది. కలిసి అరిచినప్పుడు వచ్చే ఆనందం చాలా బలమైనది, పెద్దవాళ్ల సభల్లోనూ మనం చూసేది అదే. అందుకే బడి ఎన్నికలో ప్రసంగం తర్వాత ప్రశ్నలకు పది నిమిషాలు పెట్టాలి. "రోజూ గేమ్స్ పీరియడ్" అన్న అబ్బాయిని "ఏ పీరియడ్ తీసేస్తావన్నా?" అని ఏడో తరగతి పిల్ల అడగాలి. హోంవర్క్ ఉండదని చెప్పినవాణ్ణి "సార్‌ని నువ్వెట్ల ఒప్పిస్తావు?" అని అడగాలి. ఓటు వేయడానికి ముందు పిల్లలకు నేర్పాల్సిన పని ఏదైనా ఉంటే, నా దృష్టిలో అది ఈ ప్రశ్న అడగడమే.

చాక్లెట్లు, పెన్నులు పంచడం, తండ్రి ఖర్చుతో ఫ్లెక్సీ కొట్టించడం మాత్రం మొదటి రోజే ఆపాలి. చేతిరాత పోస్టర్లు తరగతికి రెండు, అంతకు మించి వద్దు. పదమూడేళ్ల పిల్లవాడికి డబ్బుతో ఓటు వస్తుందని మొదట చూపించేది ఇల్లే అయితే, ఆ తర్వాత పుస్తకంలో ఎన్ని పాఠాలు చెప్పినా ఉపయోగం లేదు.

గెలిచాక ఏముంది?

అదే సీరియల్ 2003 నవంబర్‌లో ఈ ప్రశ్న అడిగింది. ఈసారి లీసా బడి మొత్తానికి ప్రెసిడెంట్ అవుతుంది. నిజాయితీగల పిల్ల, ప్రిన్సిపాల్‌కు పక్కలో బల్లెం. పెద్దవాళ్లు ఆమెను ఎదిరించలేదు. కొత్త బట్టలు, కొత్త అందం, మర్యాదలు చూపి దగ్గరికి తీశారు. ఆ తర్వాత డబ్బు లేదని సంగీతం, వ్యాయామం, చిత్రలేఖనం క్లాసులు తీసేసి, ఆ నిందను ఆమె మీదికి నెట్టారు. పిల్లలు ఆమె మీద తిరగబడ్డారు. మోసం అర్థమయ్యాక ఆమే వాళ్లను సమ్మెకు నడిపించింది. అధికారం లేని పదవి ఇస్తే, ఆ పదవిలో ఉన్న పిల్ల పెద్దవాళ్ల తప్పులకు అడ్డుగోడగా మిగులుతుందని ఇంత సూటిగా చెప్పిన కథలు తక్కువ.

మన ఎస్‌పీఎల్ సంగతి కూడా చాలా బడుల్లో ఇంతే. గోల చేసేవాళ్ల పేర్లు రాయడం, రిజిస్టర్లు మోయడం, అతిథులకు బొకే ఇవ్వడం. పిల్లలు ఎన్నుకున్నది తమ తరఫున మాట్లాడటానికి, పని చేస్తున్నది టీచర్ తరఫున. ఈ తేడాను పిల్లలు రెండో నెలకే కనిపెడతారు, ఆ తర్వాతి ఏడాది ఎన్నికను ఆటగా చూస్తారు. రాజస్థాన్‌లోని తిలోనియాలో రాత్రి బడుల పిల్లలు తమ పార్లమెంటును ఎన్నుకుంటారు. పగలు మేకలు కాసే పిల్లలే మంత్రులు. బడి సరిగ్గా నడుస్తోందా, టీచర్ వస్తున్నారా అని చూసి అడిగే పని వాళ్లది, పెద్దవాళ్లు జవాబు చెప్పాలి. అంత దూరం పోలేకపోయినా, నెలకు ఒకసారి హెడ్మాస్టర్ ముందు కూర్చుని మూడు విషయాలు అడిగే హక్కు ఎస్‌పీఎల్‌కు ఇవ్వొచ్చు. మధ్యాహ్న భోజనం, తాగునీళ్లు, బాత్రూములు. వచ్చిన జవాబును మరుసటి రోజు ప్రార్థనలో చదివి వినిపించాలి.

అదే బడిలో పెద్దవాళ్లకూ ఒక కమిటీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. ఎస్‌పీఎల్‌ను ఆ కమిటీ సమావేశంలో పావుగంట కూర్చోబెడితే నీళ్ల మాట చేరాల్సిన చోటికి చేరుతుంది. 2018 నుంచి ఎన్నికల సంఘం హైస్కూళ్లలో, కాలేజీల్లో ఎన్నికల అక్షరాస్యత క్లబ్బులు పెట్టిస్తోంది. క్లబ్ ఉన్న బడిలో ఎస్‌పీఎల్ ఎన్నిక నడిపే బాధ్యత ఆ క్లబ్ పిల్లలదే అయితే బాగుంటుంది.

ఓడిన పిల్లవాడు ఇంటికి వచ్చాక

మొదట చెప్పిన 1991 ఎపిసోడ్ చివర్లో హోమర్ కొడుకు బార్ట్‌ను ఓదారుస్తాడు. ఆ పదవికి డబ్బులిచ్చేవాళ్లా, లేదు. అదనంగా పని చేయాల్సి వచ్చేదా, అవును. మరి పోతే పోనీ అంటాడు. బార్ట్ తేలికపడతాడు. మనమూ నవ్వుతాం. ఆ సీరియల్లో బార్ట్‌కు 1989 నుంచీ పదేళ్లే, ఈ వారం ఏం జరిగినా వచ్చే వారం అంతా మొదటికి వస్తుంది. అక్కడ ఆ ఓదార్పు సరిపోతుంది. మన పిల్లవాడు రేపు పొద్దున అదే ప్రార్థనలో నిలబడి, గెలిచినవాడు చెప్పే ప్రతిజ్ఞ చెప్పాలి, ఏడాది పొడుగునా. వాడికి ఆ పదవి ఉత్తదని చెబితే, దానికోసం వాడు రాసుకున్న ప్రసంగమూ ఉత్తదే అవుతుంది, వాణ్ణి నమ్మి ఓటేసినవాళ్లూ ఉత్తవాళ్లే అవుతారు. "నువ్వు అడుగుతానన్నది అడగాల్సిందే నాయనా, గెలిచినోనితో కలిసి అడుగు" అని చెప్పే తల్లి మాట నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది. టీచర్ దగ్గరికి పోయి మళ్లీ లెక్కపెట్టించమని గొడవపడే తల్లిదండ్రులు పిల్లవాడి పరువును రెండోసారి బజారున పెడుతున్నారు.

సున్నా వచ్చిన పిల్లల విషయం వేరుగా చూడాలి. ఎన్నికల సంఘం ప్రతి అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో బయటపెడుతుంది, పెట్టాలి కూడా. పదేళ్ల పిల్లల మధ్య ఆ అంకెను మైకులో చదవడం అవసరం లేదు. లెక్కింపు దగ్గర ప్రతి అభ్యర్థి తరఫున ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, చీటీలు వాళ్లకు చూపిస్తూ, బోర్డు మీద నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీతతో గుర్తు పెడుతూ పోవాలి. అభ్యర్థులు, వాళ్ల ఏజెంట్లు చూసి సంతకం పెట్టాక బోర్డు తుడిచేయాలి. బయట గెలిచినవారి పేరు మాత్రం చెప్పాలి. చీటీలను ఒక కవర్లో సీలు వేసి, అనుమానం వచ్చినవాళ్లు అడిగితే చూపించడానికి నెల రోజులు హెడ్మాస్టర్ బీరువాలో ఉంచాలి.